ముందేది, వెనకేది? ఇంగ్లీషు వరుస మాటలకు ఇంటి చిట్కాలు

మందుల చీటీ, బడి నోటీసు, బ్యాంకు ఫారం, విదేశాల్లో ఉన్న పిల్లల మెసేజీ, కొత్త కుక్కర్‌తో వచ్చిన పుస్తకం... ఏదో ఒక రూపంలో ఇంగ్లీషు రోజూ ఇంట్లోకి వస్తూనే ఉంటుంది. కష్టమైన మాట కనబడితే నిఘంటువు చూస్తాం, లేదా పిల్లల్ని అడుగుతాం. చిక్కంతా మనకు తెలుసు అనుకున్న చిన్న మాటలతోనే: ఫస్ట్, నెక్స్ట్, లాస్ట్, బిఫోర్, ఆఫ్టర్, ఫార్మర్. ఇవన్నీ వరుస చెప్పే మాటలు. లెక్క ఎక్కడ మొదలైందో చెప్పకుండానే వరుస చెప్పేస్తాయి. మనం అనుకున్న మొదలు, రాసినవాళ్లు అనుకున్న మొదలు ఒకటి కాకపోతే ఒక రోజో, ఒక అంతస్తో, ఒక మోతాదో తేడా పడుతుంది. కాబట్టి కింది చిట్కాలన్నిటిలోనూ మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: లెక్క ఎక్కణ్నుంచి?

1. 'నెక్స్ట్' వినబడగానే తేదీ అడగండి. సోమవారం నాడు ఎవరైనా 'నెక్స్ట్ ఫ్రైడే రండి' అంటే ఈ వారంలో వచ్చే శుక్రవారమా, ఆ పై వారంలోదా? ఇంగ్లీషు తల్లిభాషగా ఉన్నవాళ్లలోనే దీనిమీద ఏకాభిప్రాయం లేదు. కొందరికి ఈ వారంలోది 'దిస్ ఫ్రైడే', దాని తర్వాతది 'నెక్స్ట్ ఫ్రైడే'. మరికొందరికి ముందుగా వచ్చేదే నెక్స్ట్. మాట పుట్టుక ఈ రెండో పక్షానికే సాక్ష్యం చెబుతుంది. 'దగ్గర' అనే అర్థమున్న పాత మాట 'నై' నుంచి, 'అన్నిటికన్నా దగ్గరిది' అనే అర్థంలో వచ్చిందే నెక్స్ట్. అయితే వాడుక ముందు వ్యుత్పత్తి నిలవదు. 'అంటే ఎన్నో తారీఖండీ?' అని అడగడమే మేలు. బ్రిటన్‌లో ఉన్న బంధువులు 'ఫ్రైడే వీక్' అంటే, వచ్చే శుక్రవారం కాదు, అది దాటి ఇంకో వారానికి వచ్చే శుక్రవారం అని అర్థం.

2. తేదీలో నెలను అక్షరాల్లో రాయండి. 5-8 అని రాస్తే మనకూ బ్రిటన్‌కూ ఆగస్టు 5, అమెరికాకు మే 8. రోజు 12 దాటితే తప్పు దానంతటదే బయటపడుతుంది, 13వ నెల లేదు కనుక. ప్రమాదమంతా నెలలో మొదటి పన్నెండు రోజులదే. అమెరికాలో ఉన్న కూతురికి ప్రయాణం తేదీ పంపేటప్పుడు '5 ఆగస్టు' అని రాస్తే ఇక అనుమానానికి చోటుండదు. కంప్యూటర్లోనో ఫోన్లోనో దాచే రసీదులకు, వైద్య పరీక్షల రిపోర్టులకు మాత్రం సంవత్సరం, నెల, రోజు అనే వరుసలో పేరు పెట్టండి. 1988లో వచ్చిన ఐఎస్ఓ 8601 అనే అంతర్జాతీయ ప్రమాణం చెప్పే వరుస అదే. అలా పెడితే కాగితాలన్నీ వాటంతటవే కాలక్రమంలో నిలబడతాయి.

3. అంతస్తు చెప్పేటప్పుడు మెట్ల లెక్క కూడా చెప్పండి. మనకు నేలమీదది గ్రౌండ్ ఫ్లోర్, దాని పైది ఫస్ట్ ఫ్లోర్. ఇది బ్రిటిష్ పద్ధతి. అమెరికాలో చాలాచోట్ల నేలమీదదే ఫస్ట్ ఫ్లోర్. అక్కడికి వెళ్లిన పెద్దవాళ్లకు చిరునామా ఇస్తూ 'సెకండ్ ఫ్లోర్, ఒక్కసారి మెట్లెక్కితే చాలు' అని చెబితే వెతుకులాట ఉండదు.

4. మందుల చీటీలో వరుసను తెలుగులో తిరగరాసి పెట్టెకు అంటించండి. అన్నిటికన్నా శ్రద్ధ పెట్టాల్సిన చోటు ఇది. 1-0-1 అని ఉంటే ఆ అంకెల వరుస రోజు నడిచే వరుసే: పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి. 'ఓడీ' అంటే రోజుకు ఒకసారి, 'బీడీ' రెండుసార్లు, 'టీడీఎస్' మూడుసార్లు. 'ఏసీ' అంటే తినకముందు, 'పీసీ' అంటే తిన్నాక. ఇవి ఇంగ్లీషు కూడా కావు, లాటిన్ మాటల పొడి అక్షరాలు. అదే 'ఓడీ' కళ్లద్దాల చీటీలో ఉంటే కుడికన్ను అని అర్థం. కంటి చుక్కల మందు రాసినప్పుడు ఏది ఉద్దేశించారో డాక్టరునే అడిగి తెలుసుకోండి.

'ఎవ్రీ అదర్ డే' అంటే రోజు విడిచి రోజు. ఇక్కడ 'అదర్' ఎందుకొచ్చిందని పిల్లలు అడుగుతారు. పాత ఇంగ్లీషులో రెండోది అనడానికి 'అదర్' అనే మాటనే వాడేవారు. 'సెకండ్' ఆ తర్వాత ఫ్రెంచి మీదుగా లాటిన్ నుంచి వచ్చింది, దాని అసలు అర్థం 'వెంట వచ్చేది' అని. పాత అర్థం ఈ పదబంధంలో మిగిలిపోయింది. 'ఎవ్రీ థర్డ్ డే' అంటే రెండు రోజులు విడిచి మూడో రోజు. మూడు రోజులు విడిచి కాదు.

'బైవీక్లీ' అనే మాటను ఎప్పుడూ నమ్మకండి. వారానికి రెండుసార్లు, రెండు వారాలకు ఒకసారి, ఈ రెండు అర్థాలూ నిఘంటువుల్లో ఉన్నాయి. ఇక వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన మందుల సంగతి మరీ జాగ్రత్త. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ అలాంటిది. దాన్ని పొరపాటున రోజూ వేసుకుని ప్రాణాల మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు, ప్రాణాలు పోయినవాళ్లూ ఉన్నారు. 'వీక్లీ' అని వదిలేయకుండా 'ఆదివారం మాత్రమే' అని వారం పేరు డాక్టరు చేతే రాయించుకుని, అట్టపెట్టె మీద పెద్ద అక్షరాల్లో రాయండి.

5. వంటల పుస్తకంలోనైనా, మిక్సీ, కుక్కర్ పుస్తకాల్లోనైనా చేయాల్సిన పనుల మీద పెన్సిల్‌తో అంకెలు వేసుకోండి. 'కడిగి, తరిగి, వేయించి, దించండి' అని మనం అంటాం. మాట నడిచిన వరుసలోనే చెయ్యీ నడుస్తుంది. ఇంగ్లీషు వాక్యానికి ఆ నియమం లేదు. 'యాడ్ ది టొమాటోస్ ఆఫ్టర్ ది ఆనియన్స్ టర్న్ బ్రౌన్' అన్న వాక్యంలో మొదట టమాటాలు వినబడతాయి, బాణలిలో మొదట పడాల్సింది ఉల్లిపాయలు. వంట చేస్తూ చేస్తూ చదివేవాళ్లకు సగం వాక్యానికే చెయ్యి ముందుకెళ్తుంది. అందుకే బిఫోర్, ఆఫ్టర్, అంటిల్ కనబడిన ప్రతి వాక్యాన్నీ చివరిదాకా చదివి, ఏ పని ఒకటో, ఏ పని రెండో గుర్తు పెట్టుకోండి.

పిల్లల రాతల్లో 'అంటిల్' తరచు తప్పు పోతుంది. 'ఆవిరి పోనంతవరకు మూత తీయొద్దు' అని మనం రెండు కాదనడాలతో చెప్పగలం. ఇంగ్లీషుకు ఒక్కటే చాలు: 'డు నాట్ ఓపెన్ అంటిల్ ది ప్రెషర్ డ్రాప్స్'. రెండోసారి 'నాట్' చేరిస్తే అర్థం తిరగబడుతుంది.

6. వరుస అంకెల స్పెల్లింగుల్లో తప్పు పోయేవాటిని మాత్రమే చీటీ రాసి చదువుకునే బల్ల ముందు అంటించండి. అన్నీ బట్టీ పట్టించనక్కర్లేదు. ఫిఫ్త్‌లో, ట్వెల్ఫ్త్‌లో 'వీ' అక్షరం 'ఎఫ్' అవుతుంది. ఎయిత్‌లో 'టీ' ఒక్కటే. నైన్త్‌లో 'ఇ' పోతుంది. ఫోర్త్‌లో ఉన్న 'యూ' ఫార్టీయెత్‌లో ఉండదు. ట్వెంటీ మొదలైనవాటిలో చివరి 'వై' కాస్తా 'ఐ, ఇ' అవుతుంది. థర్డ్‌లో 'ఆర్' వెనక్కి జరిగి కూర్చుంది, పాత ఇంగ్లీషులో అది 'థ్రిడ్డా'. మనకు 'రెండో, మూడో, నూటొకటో' అంటూ ఒకే తోక అన్నిటికీ అతుకుతుంది కనుక, తెలుగు పిల్లలకు ఈ గజిబిజి అన్యాయంలా తోచడం సహజం. వాళ్లను తిట్టకండి.

రాజుల పేర్ల పక్కన రోమన్ అంకె ఉంటే 'ది' చేర్చి చదవాలని చెప్పండి: ఎలిజబెత్ ది సెకండ్, ఛార్లెస్ ది థర్డ్. మనం రెండో పులకేశి అని ముందు పెట్టేదాన్ని వాళ్లు వెనక పెడతారు. ఇంకొకటి. 'మా పాప థర్డ్ క్లాస్' అని మనం మామూలుగా అంటాం. బయటిదేశాల వాళ్ల చెవికి అది నాసిరకం అన్నట్టు వినిపించవచ్చు. వాళ్లతో 'క్లాస్ త్రీ' అనో, అమెరికావాళ్లతోనైతే 'థర్డ్ గ్రేడ్' అనో అనడం మంచిది.

7. 'ఎన్నో' అని అడగాల్సి వస్తే వాక్యం మార్చండి. నీలం సంజీవరెడ్డి మన దేశానికి ఎన్నో రాష్ట్రపతి? తెలుగులో ఇది చిన్న పిల్లలు కూడా అడిగే ప్రశ్న. ఇంగ్లీషులో 'ఎన్నో' అనడానికి వాడుకలో ఒక్క మాట లేదు. అందుకే మన పిల్లలు 'హౌ మెనీయెత్' అని కొత్త మాట కడతారు. అది తెలివితక్కువ కాదు, తమ భాషలో ఉన్న వసతిని అక్కడ వెతుక్కోవడం. ఇంగ్లీషులో చుట్టు తిరిగి అడగాలి: 'హౌ మెనీ ప్రెసిడెంట్స్ కేమ్ బిఫోర్ హిమ్?' ఐదుగురు అని జవాబొస్తే ఒకటి కలిపి, ఆరో రాష్ట్రపతి. 1956లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్‌కు తొలి ముఖ్యమంత్రీ ఆయనే. ఇంట్లో క్విజ్ ఆడించేటప్పుడు ఒకే ప్రశ్నను రెండు భాషల్లో అడిగించండి, వరుస మాటల మీద పట్టు త్వరగా వస్తుంది.

8. శుభకార్యాల రోజులు లెక్కపెట్టేటప్పుడు 'ఆఫ్టర్' వాడకండి. ఇరవై ఒకటో రోజు బారసాల అంటే పుట్టిన రోజును కూడా కలిపి లెక్కిస్తాం. ఒకటో తారీఖున పుట్టిన బిడ్డకు అది 21వ తారీఖు. అదే 'ట్వెంటీ వన్ డేస్ ఆఫ్టర్ బర్త్' అని రాస్తే 22 అవుతుంది, పుట్టిన రోజు లెక్కలోకి రాదు కనుక. దూరం నుంచి టిక్కెట్లు కొనుక్కుని వచ్చేవాళ్లకు ఈ ఒక్కరోజు తేడా చాలా పెద్దది. పెద్దల కర్మకు పదకొండో రోజు చెప్పేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త. తేదీ రాసి, పక్కన 'ది ట్వెంటీ ఫస్ట్ డే' అనో, 'ది ఎలెవెన్త్ డే' అనో రాయండి.

9. వయసు అడిగిన గడిలో పైన ఏం రాసుందో చదివి అంకె వేయండి. 'వాడికి పదో ఏడు నడుస్తోంది' అంటే తొమ్మిది నిండాయని అర్థం. ఇంగ్లీషులో 'టెన్ ఇయర్స్ ఓల్డ్' అంటే పది నిండాలి. బీమా కాగితాల్లో ఇంకా సూక్ష్మం ఉంటుంది: 'ఏజ్ లాస్ట్ బర్త్‌డే' అంటే నిండిన వయసు, 'ఏజ్ నెక్స్ట్ బర్త్‌డే' అంటే వచ్చే పుట్టినరోజుకు నిండబోయే వయసు, 'ఏజ్ నియరర్ బర్త్‌డే' అంటే రెండు పుట్టినరోజుల్లో ఏది దగ్గరైతే అది. ప్రీమియం ఆ అంకె మీద ఆధారపడుతుంది.

శతాబ్దాల లెక్కా ఇలాంటిదే. 1956 ఇరవయ్యో శతాబ్దంలోది, మనమిప్పుడున్న ఇరవై ఒకటో శతాబ్దం 2001లో మొదలైంది.

10. 'లాస్ట్ నేమ్' అంటే చివర రాసిన పేరని అనుకోకండి. అది ఇంటిపేరు. ఇంగ్లీషువాళ్లు ఇంటిపేరు చివర రాస్తారు కనుక దానికి ఆ పేరొచ్చింది. మనది ముందు వస్తుంది, హంగేరీ, చైనా, జపాన్, కొరియా వాళ్లదీ అంతే. అందుకే మన కాగితాల్లో ఒకచోట ఇంటిపేరు ముందు, మరోచోట వెనక, ఇంకోచోట ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తే, అమెరికా వీసాలో మీ పూర్తి పేరు ఇంటిపేరు గడిలోకి వెళ్లి, అసలు పేరుండాల్సిన చోట 'ఎఫ్ఎన్‌యూ' అని పడుతుంది, ఫస్ట్ నేమ్ అన్‌నోన్ అని. ఆ తర్వాత బ్యాంకులోనూ కాలేజీలోనూ అదే మీ పేరుగా నమోదయ్యే ఇబ్బంది ఉంటుంది. పిల్లలకు తొలి పాస్‌పోర్టు తీసే రోజునే 'సర్‌నేమ్' గడిలో ఇంటిపేరు పూర్తిగా, 'గివెన్ నేమ్' గడిలో అసలు పేరు రాయించి, బడి రికార్డుల్లోనూ అదే వరుస ఉండేలా చూడండి.

11. 'లాస్ట్'ను ఆచితూచి వాడండి. లాస్ట్, లేటెస్ట్ రెండూ 'లేట్' అనే ఒక్క మాటకు పుట్టినవే, కానీ దారులు వేరయ్యాయి. ఒక రచయిత 'లేటెస్ట్ బుక్' అంటే ఇటీవల వచ్చింది, ఇంకా రావచ్చు. 'లాస్ట్ బుక్' అంటే ఇక రాదేమో అనిపిస్తుంది. బడి వార్షికోత్సవంలో పిల్లలు 'ఎట్ లాస్ట్ ఐ థ్యాంక్ మై పేరెంట్స్' అంటుంటారు. దానర్థం 'ఎట్టకేలకు' అని. అక్కడ ఉండాల్సింది 'లాస్ట్లీ' లేదా 'ఫైనల్లీ'. డాక్టరుకు జ్వరం సంగతి చెప్పేటప్పుడు 'లాస్ట్ వీక్' అంటే పోయిన వారం, 'ఇన్ ది లాస్ట్ వీక్' అంటే ఈ ఏడు రోజుల్లో. చివరి నుంచి రెండోదాన్ని మనదగ్గరా బ్రిటన్‌లోనూ 'లాస్ట్ బట్ వన్' అంటారు. అమెరికాలో 'నెక్స్ట్ టు లాస్ట్' అంటారు.

12. కార్యక్రమాన్ని వేరే తేదీకి జరిపినప్పుడు 'ఫార్వర్డ్' అని ఒక్క మాటతో సరిపెట్టకండి. బుధవారం సమావేశాన్ని రెండు రోజులు 'ఫార్వర్డ్' జరిపామంటే, ఇంగ్లీషువాళ్లలో కొందరు సోమవారమనీ కొందరు శుక్రవారమనీ అంటారు. ఇది భాషా పరిశోధకులు ప్రత్యేకంగా పరీక్షించి చూసిన సంగతి. మన 'ముందుకు జరిపాం'లోనూ అదే తికమక ఉంది. అనుకున్న రోజుకన్నా ముందు తేదీకి మార్చడమనే అర్థంలో 'ప్రీపోన్' మన దేశంలో అందరికీ అర్థమవుతుంది, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోనూ ఉంది. ఆ మాట వాడటానికి సిగ్గుపడక్కర్లేదని నా అభిప్రాయం. బయటివాళ్లకు మాత్రం కొత్త తేదీ కూడా రాయండి.

13. బంధుత్వాల వరుసను ఇంగ్లీషు ఫారంలో నింపేముందు వంశవృక్షం గీసుకోండి. ఇద్దరిలో పెద్దయితే 'ఎల్డర్', ముగ్గురూ ఆ పైన ఉంటే 'ఎల్డెస్ట్'. పెద్ద, నడిపి, చిన్న అని మనం పిలుపులోనే చెప్పే వరుస 'అంకుల్'లో, 'ఆంట్'లో మిగలదు. ఇంగ్లీషు ఆ లోటును కజిన్ల దగ్గర అంకెలతో తీర్చుకుంది. మీ నాన్నగారూ ఆయన పెదనాన్న కొడుకూ ఫస్ట్ కజిన్లు. వాళ్ల పిల్లలు, అంటే మీరూ ఆ పెదనాన్న మనవలూ, సెకండ్ కజిన్లు. తరం మారితే 'వన్స్ రిమూవ్డ్' అంటారు. అమ్మకు పిన్ని కొడుకు మనకు వేలు విడిచిన మేనమామ కదా, ఇంగ్లీషులో ఆయన సరిగ్గా 'ఫస్ట్ కజిన్ వన్స్ రిమూవ్డ్'. వంశంలో వచ్చిన జబ్బుల గురించి ఆసుపత్రిలో రాయించేటప్పుడు ఈ తేడా పనికొస్తుంది.

14. బ్యాంకు కాగితాల్లో 'ఫార్మర్' ఎవరో, 'సర్వైవర్' ఎవరో ఇంట్లో ఇద్దరికీ తెలిసుండాలి. ఫార్మర్ అంటే రెండు పేర్లలో ముందు రాసినది, లాటర్ అంటే వెనక రాసినది. జాయింట్ ఖాతా మీద 'ఐదర్ ఆర్ సర్వైవర్' అని ఉంటే ఇద్దరిలో ఎవరైనా డబ్బు తీయవచ్చు, ఒకరు పోతే మిగిలినవారు తీయవచ్చు. 'ఫార్మర్ ఆర్ సర్వైవర్' అని ఉంటే మొదటి పేరున్నవారు బతికున్నంతకాలం వారికే అధికారం, రెండోవారికి ఆ తర్వాతే. ఎన్నో ఇళ్లలో భార్య పేరు రెండోది. ఖాతాలో తన పేరుంది కదా అని ఆమె నిశ్చింతగా ఉంటుంది. భర్త ఆసుపత్రిలో ఉన్నప్పుడు, డబ్బు అత్యవసరమైన ఆ రోజునే, తన సంతకం చెల్లదని తెలుస్తుంది. ఒక చిన్న మాట వల్ల ఇంత కష్టం ఎవరికీ రాకూడదు.

నామినీల విషయంలో 2025 నవంబరు 1 నుంచి కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి. డిపాజిట్ ఖాతాకు నలుగురిదాకా నామినీలను పెట్టుకోవచ్చు. ఫారంలో రెండు మాటలుంటాయి. 'సైమల్టేనియస్' అంటే నలుగురికీ ఒకేసారి, ఎవరికెంత వాటా అన్నది మీరే రాయాలి. 'సక్సెసివ్' అంటే ఒకరి తర్వాత ఒకరు: పై పేరున్నవారు లేకపోతేనే కింది పేరుకు వంతు వస్తుంది. లాకరుకు 'సక్సెసివ్' పద్ధతి ఒక్కటే ఉంది. నలుగురు పిల్లల పేర్లూ రాశాం కనుక నలుగురికీ సమానంగా వస్తుందనుకుని 'సక్సెసివ్' గడిలో టిక్కు పెడితే, బ్యాంకు డబ్బు ఇచ్చేది మొదటి పేరుకే. పైగా నామినీ అంటే డబ్బు అందుకునే మనిషే, ఆస్తికి వారసులు ఎవరన్నది వారసత్వ చట్టం ప్రకారం తేలుతుందని సుప్రీంకోర్టు బ్యాంకు డిపాజిట్ల గురించి 2010లో స్పష్టంగా చెప్పింది.

ఈ వారంలోనే మీ పాస్‌బుక్కులూ డిపాజిట్ బాండ్లూ బయటికి తీయండి. వాటిమీద ఉన్న వరుస మీరు కోరుకున్న వరుసేనా అని ఇద్దరూ కలిసి చూసుకోండి. కాకపోతే ఇద్దరూ బ్యాంకుకు వెళ్లి మార్పించుకోండి.